డికాక్షన్ దిగేదాకా: ఇంట్లో కూర్చుని బొమ్మలు గీసి బతికేవాళ్లకు ఒక ఉదయపు వరుస

ఆరేళ్ల కిందట ఒక మే నెల తెల్లవారుజామున, ఇంకా పక్కమీద ఉండగానే ఫోను చేతిలోకి తీసుకున్నాను. పెళ్లి పత్రికకు చివరి మార్పు వచ్చి ఉంది. వరుడి పేరు కింద చదువు చేర్చాలి, ఎనిమిదింటికల్లా అచ్చుకు వెళ్లాలి. కళ్లు నులుముకుంటూ కంప్యూటర్ ముందు కూర్చుని, ఐదు నిమిషాల్లో చేర్చి పంపేసి, పని తెమిలిందని సంతోషించాను. ఆ తొందరలో పాత పత్రిక ఒకటి తెరిచి అందులోంచి ఏదో తీసి అతికించినట్టున్నాను. 'ఉ. 9.12' ఉండాల్సిన చోట 'రా. 9.12' పడింది. నాలుగు వందల పత్రికలు. పెళ్లికూతురి మేనమామ ఫోన్ చేసి ఒక్క మాటే అడిగారు: "బాబూ, మా అమ్మాయికి రెండు ముహూర్తాలు పెట్టావా?"

కొత్త పత్రికల ఖర్చు నేనే పెట్టుకున్నాను. డబ్బు ఎలాగో సర్దుకుంది. ఆ తర్వాత చాలా రోజులు ఉదయం ఫోను మోగితే చాలు, కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టు ఉండేది. అది మాత్రం సర్దుకోలేదు.

మాది తిరుపతి, కొర్లగుంటలో మేడమీద అద్దె ఇల్లు. పెళ్లి పత్రికలు, పిల్లల పుస్తకాలకు బొమ్మలు, అడపాదడపా ముఖచిత్రాలు నా జీవనం. నెలజీతం లేదు, పై అధికారి లేడు, గంట కొట్టేవాళ్లు లేరు. వినేవాళ్లకు ఇది హాయిగా అనిపిస్తుంది. ఉద్యోగానికి వెళ్లేవాడికి ఉదయం ఏం చేయాలో బస్సే చెబుతుంది. మనకు ప్రతిదీ మనమే తేల్చుకోవాలి. ఇప్పుడే లేవాలా, ఇంకో పావుగంట పడుకోవాలా? ముందు స్నానమా, రాత్రి మిగిలిన రంగుల పనా? ఆయనకు ఇప్పుడే జవాబివ్వాలా, ఆగితే కోప్పడతాడా? ఇవన్నీ తేల్చుకునేసరికి బొమ్మకు దక్కాల్సిన బుర్ర సగం ఖర్చయిపోతుంది. నేను ఇక్కడ చెప్పబోయేది ఆ తేల్చుకోవడాన్ని తగ్గించుకునే పద్ధతి. మీది రచన అయినా, అనువాదమైనా, ఫొటోలైనా, పిల్లలకు సంగీతం చెప్పడమైనా పనికొస్తుంది. చిన్న చిన్న మార్పులు మీరే చేసుకోగలరు.

గడియారాన్ని కాదు, వరుసను నమ్ముకోండి

పత్రికల గొడవ తర్వాత నేనూ అందరిలాగే టైంటేబుల్ రాసి గోడకు అతికించాను. 5.00 లేవడం, 5.15 ధ్యానం, 5.45 నడక. నాలుగో రోజు 5.40కి మెలకువ వచ్చింది. అప్పటికే ధ్యానం పోయింది, నడక పోయేలా ఉంది. ఇక ఎందుకులే అని ఫోను తీసుకున్నాను. గడియారానికి కట్టిన క్రమంతో ఇదే చిక్కు, ఒక్క మేకు ఊడితే పటం మొత్తం కిందపడుతుంది. అయినా సూర్యుడే ఏడాది పొడవునా ఒకే వేళకు రాడు. మన ఊళ్లో మే చివర 5.40 ప్రాంతంలో సూర్యోదయమైతే, జనవరి చివర 6.40 ప్రాంతంలో అవుతుంది. గంట తేడా.

నాకు దారి చూపింది కొండమీది పద్ధతి. ఈ ఊళ్లో పుట్టి పెరిగి కూడా దాన్ని ఆ కంటితో ఎప్పుడూ చూడలేదు. తిరుమలలో రోజు సుప్రభాతంతో మొదలవుతుంది. తర్వాత తోమాల సేవ, పూలమాలలతో అలంకారం. ఆ తర్వాత కొలువు. కొలువు శ్రీనివాసుణ్ని స్నపన మండపంలో ఆసీనుణ్ని చేసి ఆనాటి పంచాంగం చదువుతారు, ముందురోజు వచ్చిన ఆదాయం లెక్క వినిపిస్తారు. ఆ పైన సహస్రనామార్చన. సర్వదర్శనానికి జనాన్ని వదిలేది ఇవన్నీ ముగిశాకే. వేళలు కాలాన్ని బట్టి అటూ ఇటూ అవుతాయి, శుక్రవారం అభిషేకం లాంటివి వచ్చి చేరతాయి. లేవగానే లెక్కలు, లేవగానే జనం అన్నది మాత్రం ఏ రోజూ లేదు.

అంత హుండీ ఉన్న స్వామికే మేలుకొలుపు, అలంకారం అయ్యాక గానీ లెక్క చెప్పరు. నేనేమో మూడు వేల రూపాయల బాకీ గురించిన సందేశాన్ని దుప్పటి కూడా తీయకుండా చదువుకుంటున్నాను!

అందుకని నా వరుసను ఇలా కట్టుకున్నాను: మేలుకోవడం, సొంత పని, లెక్క, ఆ తర్వాతే జనం. ఐదింటికి లేస్తే ఐదింటికి మొదలు, ఆరున్నరకు లేస్తే ఆరున్నరకు. ఒక పని ముగిసిందంటే తర్వాతిది ఏమిటో చేతులకే తెలుస్తుంది.

ముందు రాత్రి చేసి పెట్టుకోవాల్సినవి

ఉదయం సగం రాత్రే జరిగిపోతుంది. అన్నిటికంటే ముందు ఫోను. దాన్ని పడకగదిలో కాకుండా హాల్లో చార్జింగ్ పెట్టండి. "అలారం అందులోనే ఉంది కదా" అంటారు. బజారులో ముళ్లున్న అలారం గడియారం చౌకగా దొరుకుతుంది, ఒకటి కొనుక్కోండి. ఈ మొత్తం పద్ధతిలో మీరు డబ్బు పెట్టి కొనాల్సింది బహుశా అదొక్కటే.

రెండోది బల్ల. పడుకునే ముందు బల్లమీద ఉన్నవన్నీ తీసేసి, మరుసటి రోజు చేయాల్సిన ఒక్క కాగితాన్ని మాత్రం ఉంచండి. అది సగంలో ఆగి ఉండాలి. నేను చెట్టు గీస్తుంటే ఒక కొమ్మకు ఆకులు వేసి, పక్క కొమ్మకు రెండే వేసి లేచిపోతాను. మూడో ఆకు ఎక్కడ పడాలో తెల్లవారి చేతికి అడగకుండానే తెలుస్తుంది. అనువాదం చేసేవాళ్లు పేరా మధ్యలో ఆపండి. పూర్తయిన పని ముందు కూర్చుంటే మళ్లీ కొత్తగా మొదలుపెట్టాలి, ఉదయపు బరువంతా అక్కడే ఉంటుంది. పక్కన చిన్న చీటీ పెట్టి ఒకే వాక్యం రాయండి. "పుస్తకం పని" అని రాస్తే లాభం లేదు. "కుందేలు చెవుల లోపల గులాబీ రంగు" అని రాయాలి.

మూడోది వంటింట్లో. కాఫీ ఫిల్టరులో పొడి వేసి మూత పెట్టండి. సాయంత్రమే రాగిపిండి జారుగా కాచి, చల్లారాక కుండలో పోసి ఉంచితే తెల్లవారేసరికి కాస్త పులిసి ఉంటుంది. మజ్జిగ, ఉప్పు, ఉల్లిపాయ ముక్కలు కలుపుకుంటే అంబలి సిద్ధం. ఇడ్లీయా, దోశా, పొంగలా అన్న చర్చ లేకుండా పోతుంది. అంబలి గిట్టకపోతే ఏదో ఒకటి, కానీ రోజూ అదే.

ఇక నిద్ర. బ్రాహ్మీ ముహూర్తం గొప్పదే. సూర్యోదయానికి గంటా ముప్పై ఆరు నిమిషాల ముందు మొదలై 48 నిమిషాలు ఉంటుంది. కానీ ఒంటిగంట దాకా కంప్యూటర్ ముందు కూర్చుని నాలుగున్నరకు లేస్తే వచ్చేది ప్రశాంతత కాదు, తలనొప్పి. పెద్దవాళ్లకు ఏడు గంటల నిద్రైనా కావాలి. ముందు రాత్రి పెందలాడే పడుకోండి, లేచే వేళ దానంతటదే ముందుకు జరుగుతుంది. సాయంత్రం కాఫీ అలవాటు ఉంటే ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. ఒంట్లో చేరిన కెఫీన్ సగానికి తగ్గడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. ఐదింటికి తాగిన కాఫీలో సగం రాత్రి పదింటికి ఇంకా మీతోనే ఉంటుంది.

లేవగానే నీళ్లు కాచండి

ముఖం కడుక్కుని నేరుగా వంటింట్లోకి. నా దగ్గర అమ్మ ఇచ్చిన ఇత్తడి ఫిల్టరు ఉంది. పై గిన్నెలో మూడు చెంచాల పొడి, దాని మీద కాడ ఉన్న చిల్లుల బిళ్ల. బిళ్లను అదిమీ అదమనట్టు నొక్కాలి. గట్టిగా అదిమితే నీళ్లు దిగవు, వదులుగా వదిలేస్తే ఎర్రనీళ్లు దిగుతాయి. మరిగిన నీళ్లు అంచుదాకా పోసి మూత పెడితే లోపల టప్, టప్ మని మొదలవుతుంది. పొడిలో చికోరీ వంతు ఎక్కువుంటే ఇంకా నిదానం. మా ఫిల్టరులో డికాక్షన్ పూర్తిగా దిగడానికి ఇరవై నిమిషాల పైచిలుకు పడుతుంది. మన పాత లెక్కలో ఇంచుమించు ఒక ఘడియ, అంటే 24 నిమిషాలు.

ఈ ఘడియే నా ఉదయానికి కావలి. డికాక్షన్ దిగేదాకా ఫోను ముట్టకూడదు. "అరగంట ఫోను చూడను" అని ఒట్టు పెట్టుకుంటే మనసు బేరమాడుతుంది, పది నిమిషాలకే అరగంట అయిందంటుంది. ఫిల్టరు దగ్గర బేరం చెల్లదు. మూత తీసి చూస్తే పైన నీళ్లు ఉన్నాయా లేదా, అంతే. లేచిన తర్వాత అరగంట, ముప్పావుగంటలో మన ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోన్ సహజంగానే పెరుగుతుంది, రోజుకు ఒళ్లు సిద్ధమయ్యే తీరు అది. ఆ వేళలోనే ఎవరి ఆగ్రహాన్నో చదవడం మండే పొయ్యిలో కిరోసిన్ పోయడమేనని నా అనుభవం.

కాఫీ తాగనివాళ్లు దేవుడి దగ్గర చిన్న ప్రమిదలో కొలిచి నూనె పోసి దీపం పెట్టుకోవచ్చు. దీపం కొండెక్కేదాకా అదే నియమం. స్నానం చేయకుండా కాఫీ ఏమిటని మా అమ్మ ఇప్పటికీ అంటుంది. మీ ఇంట్లో స్నానం ముందైతే ముందే కానివ్వండి, రోజూ ఒకే చోట వస్తే చాలు.

బయటికి రండి, చేత్తో ఏదైనా చేయండి

వెలుతురును లక్సుల్లో కొలుస్తారు. గదిలో ట్యూబులైటు వెలుతురు కొన్ని వందల లక్సులు మించదు. కాస్త పొద్దెక్కాక బయట, మబ్బు పట్టి ఉన్నా, వేలల్లో ఉంటుంది. కంటిలోకి చేరే ఆ వెలుతురే మెదడులోని గడియారానికి పగలు మొదలైందని కబురు చెబుతుంది, రాత్రి నిద్ర ఎప్పుడు రావాలన్న లెక్క కూడా అక్కణ్నుంచే మొదలవుతుంది. కాబట్టి డికాక్షన్ దిగే ఘడియను నాలుగు గోడల మధ్య గడపకండి. మేడ, వసారా, మెట్లు, ఏది ఉంటే అది.

నేను ముగ్గు వేస్తాను. మొదటి రోజు మెట్ల దగ్గర నీళ్లు చల్లి వంగి కూర్చుంటే, కింది ఇంటి అవ్వ పూలు కోస్తూ చూసి, "ఏం నాయనా, ఇంట్లో ఆడవాళ్లు ఊరికెళ్లారా?" అంది. లేదన్నాను. కాసేపు నిలబడి చూసి, "చుక్కలు వంకర పోతున్నాయి, మధ్య వరస ముందు పెట్టు" అని చెప్పి వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి ఆవిడే నా గురువు.

ఆవిడ నేర్పినది ఏడు చుక్కల మెలికల ముగ్గు. మధ్యలో ఏడు చుక్కలు, అటూ ఇటూ సందు చుక్కలుగా తగ్గుతూ నాలుగు వచ్చేదాకా, మొత్తం 37. చుక్కను తాకకుండా దాని చుట్టూ మెలిక తిప్పుతూ వెళ్లాలి, బయలుదేరిన చోటికే గీత వచ్చి కలవాలి. పిండి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి జారుతుంది. మనసు నిన్నటి గొడవలో ఉంటే వేళ్లు బిగుస్తాయి, గీత తెగుతుంది. తొందరపడితే లావెక్కుతుంది. తప్పు పోతే కంప్యూటర్లోలా వెనక్కి తీసుకునే మీట లేదు, పాదంతో చెరిపి మళ్లీ వేయాలి. పిండిలో కాస్త బియ్యప్పిండి కలిపితే చీమలు సంతోషిస్తాయి.

నాకు ఇందులో అన్నిటికంటే నచ్చింది ఏమిటంటే, ఈ బొమ్మకు ఎవరూ డబ్బులివ్వరు. "ఇంకొంచెం పెద్దదిగా, ఆ పసుపు కాకుండా వేరే పసుపు" అనేవాళ్లు లేరు. పదింటికల్లా పాలబ్బాయి, కరెంటు బిల్లు మనిషి, ఇంటి ఓనరు మనవడి సైకిలు, అందరూ తొక్కేస్తారు. మరునాడు మళ్లీ ఖాళీ నేల. గీత గీసి బతికేవాడికి రోజులో ఒక్క గీతైనా అమ్మకానికి కాకుండా ఉండాలని ఇప్పుడు అనిపిస్తుంది.

మీది ముగ్గే కానక్కర్లేదు. మొక్కలకు నీళ్లు, శ్రుతిపెట్టె ముందు నాలుగు స్వరాలు, పూలు గుచ్చడం, ఏదైనా సరే. చేత్తోనో గొంతుతోనో చేసేది కావాలి, ఘడియలో ముగియాలి, ఎవరికీ చూపించేది కాకూడదు. ఫొటో తీసి స్టేటస్ పెట్టారా, అది మళ్లీ జనంలోకి వెళ్లినట్టే.

ముగ్గు ముగిశాక ఇంకా డికాక్షన్ దిగకపోతే మెట్టుమీద కూర్చుని శ్వాస చూసుకోండి. నాలుగు అంకెలు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి. నిమిషానికి ఆరు శ్వాసలు వస్తాయి. వదిలే ఊపిరి పొడవుగా ఉంటే గుండె వేగం నెమ్మదిస్తుంది. ఐదు నిమిషాలు చాలు, దీని మీద పెద్ద శాస్త్రం అక్కర్లేదు.

నడక ఇష్టమైతే వారానికి రెండు రోజులు ముగ్గు బదులు నడవండి. కపిలతీర్థం రోడ్డు, విశ్వవిద్యాలయం ఆవరణ, ప్రకాశం పార్కు, మన ఊళ్లో చోటుకు కొదవ లేదు. అలిపిరి మెట్లు మాత్రం రోజువారీ క్రమంలో పెట్టుకోకండి. దాదాపు 3,550 మెట్లు, తొమ్మిది కిలోమీటర్లు, అది ప్రయాణం కిందే లెక్క. ఆ దారిలో చిరుతల సంగతి 2023 నుంచి అందరికీ తెలిసిందే, చీకట్లో ఒంటరిగా అసలే వద్దు. వేసవిలో ఏడు దాటితే నడక శిక్షే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానల్లో ముగ్గూ లేదు, నడకా లేదు. వసారాలో కుర్చీ వేసుకుని చూరునీళ్లు చూడటమే ఆ ఘడియ పని.

ఒక ముహూర్తం సొంత పని

కాఫీ గ్లాసుతో బల్ల దగ్గరికి. రాత్రి వదిలిన ఆకు మీదే పెన్సిలు పెట్టండి. రెండు ఘడియలు ఒక ముహూర్తం, 48 నిమిషాలు. పత్రికల మీద ముహూర్తాలు అచ్చువేసే నేను ఆ మాటకు కొలత ఒకటుందని చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను. ఇక్కడ మాత్రం ముళ్ల గడియారం ఎదురుగా పెట్టుకోండి, ముగింపు కోసం.

ఈ వేళలో మార్పులు, దిద్దుబాట్లు, పంపాల్సిన ఫైళ్లు పెట్టుకోకూడదు. మీ చేయి బాగా ఆడాల్సిన పనే పెట్టుకోండి. శ్రీకాళహస్తిలో కలంకారీ వేసేవాళ్లను చూడండి. గుడ్డను ముందు కరక్కాయ, పాలు కలిపిన ద్రవంలో నానబెట్టి ఆరబెడతారు. పాలలోని కొవ్వు వల్ల కలం గీత పాకకుండా నిలబడుతుంది. ఆ పని చేయని గుడ్డమీద ఎంత గొప్ప చేయి గీసినా రంగు అలుక్కుపోతుంది. ముగ్గు, కాఫీ, వెలుతురు నాకు కరక్కాయ, పాల లాంటివి. వాటిని దాటవేసి నేరుగా బల్ల దగ్గర కూర్చున్న రోజు గీత పాకుతుంది, కుందేలు నక్కలా తయారవుతుంది.

చేతికి పని తట్టకపోతే లేవకండి. ఆ 48 నిమిషాలు కూర్చుని పెన్సిళ్లు చెక్కుకున్నా ఫరవాలేదు, ఫోను మాత్రం హాల్లోనే ఉండాలి.

కొలువు: పది నిమిషాల లెక్క

స్నానం, అంబలి అయ్యాక ఒక రూళ్ల పుస్తకం తీయండి. ఎడమ పేజీలో పంచాంగం. ఇవాళ ఏం ఇవ్వాలి, ఈ వారం ఏం ఇవ్వాలి, కుళాయి నీళ్లు వచ్చే రోజా, కరెంటు కోత ఉందా. నా పనికైతే అసలు పంచాంగమే కావాలి. మూఢం వచ్చినా, ఆషాఢం వచ్చినా పెళ్లిళ్లు ఉండవు, పత్రికలు ఉండవు. ఆ నెలల్లో చేతిలో డబ్బు ఉండదని రెండు నెలల ముందే కనబడితే పిల్లల పుస్తకాల పని ముందుగా అడిగి పెట్టుకోవచ్చు. మీ పనిలోనూ ఇలాంటి మూఢాలు ఉంటాయి. రాసి పెట్టుకోండి.

కుడి పేజీలో మూడు అంకెలు: నిన్న వచ్చింది, నిన్న పోయింది, ఇంకా రావాల్సింది. పెద్ద లెక్కలు ఇక్కడ వద్దు, వాటికి ఆదివారం ఉంది. డబ్బు గురించిన భయం అంకె తెలియనంత కాలమే ఊరంత కనిపిస్తుంది. "ఎన్నో బాకీలు రావాలి" అనుకుంటూ గడిపిన నెలలో కూర్చుని కూడితే పదకొండు వేల నాలుగు వందలు తేలింది, ముగ్గురు మనుషులు. ఆ ముగ్గురికి ఏం రాయాలో అక్కడే కాగితం మీద రాసుకున్నాను. "నమస్కారం సార్. మార్చి 14న ఇచ్చిన ముఖచిత్రం తాలూకు 6,000 రూపాయలు రావాల్సి ఉంది. ఈ వారంలో పంపగలరా?" అంతే. క్షమించండి, ఇబ్బంది పెడుతున్నాను, ఏమీ అనుకోకండి అన్న మాటలు రాసి కొట్టేశాను. మన డబ్బే మనం అడుగుతున్నాం.

సర్వదర్శనం

ఇప్పుడు ఫోను తెరవండి. నాకు ఇది తొమ్మిదిన్నర. మీకు తొమ్మిదో, పదో, ఏదో ఒకటి పెట్టుకుని, కొత్తగా పని ఇచ్చేవాళ్లకు మొదటి రోజే చెప్పండి. వాట్సాప్ బిజినెస్‌లో మీరు లేని వేళల్లో దానంతటదే జవాబు వెళ్లే సౌకర్యం ఉంది. నేను పెట్టుకున్నది: "నమస్కారం. మీ సందేశం అందింది. ఉదయం 9.30 తర్వాత చూసి జవాబిస్తాను. అచ్చు ఆపాల్సినంత అత్యవసరమైతే ఫోన్ చేయండి." ఇంటివాళ్లవీ, అచ్చు పని చూసే ఒకరిద్దరివీ తప్ప మిగతా కాల్స్ ఆ వేళకు ముందు మోగకుండా ఫోనులోనే పెట్టుకోవచ్చు. భయపడినంత ఏమీ జరగలేదు. ఒక్కరు మాత్రం కినుక వహించి వెళ్లిపోయారు. ఆయన రాత్రి పదకొండింటికి కూడా మార్పులు పంపేవారు, కాబట్టి నష్టమని చెప్పలేను.

అమెరికాలోని మనవాళ్ల పత్రికలు చేసేవాళ్లకు ఒక చిన్న లెక్క. వేసవిలో న్యూయార్క్ మనకంటే తొమ్మిదిన్నర గంటలు వెనక, శీతకాలంలో పదిన్నర. వేసవి లెక్కన మనకు ఉదయం ఆరు అంటే వాళ్లకు ముందురోజు రాత్రి ఎనిమిదిన్నర. అన్నం తిని తీరిగ్గా కూర్చుని సందేశాల మీద సందేశాలు పెట్టే వేళ అది. అందుకే మన తెల్లవారుజాము అలా మోగుతుంది. మీరు తొమ్మిదిన్నరకు జవాబిస్తే అక్కడ అర్ధరాత్రి, సాయంత్రం నాలుగున్నరకు పంపితే అక్కడ ఉదయం ఏడు. రెండింటినీ వాళ్లు నిద్రలేచాకే చూస్తారు. ఇది ముందే తెలిసి ఉంటే ఎన్ని ఉదయాలు మిగిలేవో.

ఒక్కసారే అన్నీ మొదలుపెట్టకండి

మొదటి వారం ఫోను హాల్లోకి, అంతే. రెండో వారం ఫిల్టరు ఘడియ. మూడో వారం ముహూర్తం పని, మొదట్లో ఒక ఘడియైనా చాలు. కొలువు ఆఖర్న, ఎందుకంటే మొదట్లో అది కాస్త కడుపు మండిస్తుంది. ఇరవై ఒక్క రోజుల్లో అలవాటైపోతుందనే మాటను నమ్మకండి. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని గమనిస్తే ఒక పని అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టింది, మనిషిని బట్టీ పనిని బట్టీ 18 నుంచి 254 రోజుల దాకా. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడలేదని కూడా అందులోనే తేలింది. మే నెల గంగమ్మ జాతరలో మా వీధిలో వేషాలు కట్టినవాళ్లు తెల్లవారుజామునే డప్పులతో వెళ్తారు. ఆ వారం నాకు వరుసా లేదు, గిరుసా లేదు. వెళ్లి చూస్తాను.

చుట్టాలు వచ్చిన రోజు

తిరుపతిలో ఇల్లున్నవాడికి బంధువులు కరువు కారు. పెళ్లిళ్లకు పిలవని వాళ్లు కూడా దర్శనానికి వస్తారు. నాలుగింటి రైలు దిగి తలుపు కొడతారు, వేణ్ణీళ్లు కావాలి, కాఫీ కావాలి, టికెట్ మీద వేళ చూసి చెప్పాలి. అప్పుడు అసలు పరీక్ష. మా మామయ్య మొదటిసారి అన్నది గుర్తుంది: "నీకేం నాయనా, ఇంట్లోనే కదా ఉంటావు, మమ్మల్ని అలిపిరి దాకా దింపి రా." ఇంట్లో ఉండటమంటే ఖాళీగా ఉండటమని పెద్దవాళ్ల నమ్మకం. వాదించి లాభం లేదు.

అలాంటి రోజుకు వేరే చిన్న వరుస ఉంచుకోండి. నాది: మూడు చుక్కల ముగ్గు, నిలబడి కాఫీ, రాత్రి వదిలిన బొమ్మకు ఒక్క ఆకు, పుస్తకంలో ఒక్క అంకె. మొత్తం పదిహేను నిమిషాలు. గొలుసు సన్నబడినా తెగదు, మరునాడు మళ్లీ ఎక్కడ మొదలుపెట్టాలన్న ప్రశ్న రాదు. చుట్టాలకు ముందురోజు ఫోనులోనే వేళ చెప్పేయండి, వచ్చాక చెబితే మర్యాద తక్కువగా ఉంటుంది. "మామయ్యా, ఆటో మాట్లాడి పెడతాను, తిరుగు ప్రయాణానికి స్టేషనుకు నేనే వస్తాను. ఉదయం తొమ్మిదిన్నర దాకా మాత్రం నా కొలువు" అన్నాను. కొలువు ఏమిటని అడిగితే స్వామివారి లెక్కల సంగతి చెప్పాను. భక్తుడు కాబట్టి కాదనలేకపోయాడు.

అప్పటి నుంచి ఆయన తొమ్మిదిన్నర దాటాకే ఫోన్ చేస్తున్నాడు. మొన్న చేసి, పలకరింపు కూడా లేకుండా, "కొలువు అయిందా నాయనా? ఇక మమ్మల్ని లైనులోకి వదులుతావా?" అన్నాడు.